చదివి వినిపించిన వ్యాసం

హన్మకొండలోని ఓ ప్రైవేటు హైస్కూల్లో సుకన్య పదో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. పిల్లలు గైడులోని వ్యాసాలను కామాలతో సహా బట్టీపట్టి రాస్తుంటే ఆమెకు విసుగొచ్చింది. ‘నేను బాగా భయపడిన రోజు’ అని బోర్డు మీద రాసి, గైడు ముట్టుకోకుండా సొంత మాటల్లో రాసుకురమ్మంది. చాలామందికి పాము కనబడింది, కొందరికి కలలో దెయ్యం వచ్చింది. అనూష మాత్రం నిజంగా జరిగింది రాసింది.

ఆ కాగితాన్ని సుకన్య రెండుసార్లు చదివింది. మర్నాడు క్లాసులో “వ్యాసమంటే ఇట్లుండాలి” అని దాన్ని గట్టిగా చదివింది. అనూషను ముందుగా అడగాలని ఆమెకు తోచలేదు. పేరు చెప్పకపోతే చాలనుకుంది. కానీ స్టీలు సామాన్ల దుకాణం మాట రాగానే అందరి తలలూ మూడో బెంచీ వైపు తిరిగాయి. అనూష బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కిందికే చూస్తోంది. మధ్యలో ఆపితే ఇంకా బయటపడుతుందని సుకన్య చివరిదాకా చదివేసింది.

తర్వాతి రెండు రోజులు అనూష బడికి రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున ప్రిన్సిపల్ కుమారస్వామి కబురు పంపాడు. అనూష తండ్రి రాయమల్లు వచ్చాడు.

గుమ్మంలోనే కుమారస్వామి గొంతు తగ్గించి చెప్పాడు. “సారీ చెప్పి పంపెయ్యమ్మా. ఆ పేపర్ మాత్రం బయటికి తియ్యకు.”

రాయమల్లు కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. సుకన్యను చూడగానే అడిగాడు.

“ఆ కాగితం ఏది మేడమ్?”

“తప్పు నాదే అన్నా. పాపను అడగకుండ చదివిన.”

“అది తర్వాత మాట్లాడుదం. ముందుగాల అండ్ల ఏమున్నదో చెప్పుండ్రి. బిడ్డనడిగితె ఏడుస్తాంది, బువ్వ సుత తింటలేదు. దుకాణానికి వచ్చినోళ్లు నన్ను అదో తీరుగ చూస్తాండ్రు. ఏందో ఎవ్వలు చెప్తలేరు.”

కుమారస్వామి మధ్యలోకి వచ్చాడు. “పిల్లలు ఏదో కల్పించి రాస్తరు రాయమల్లూ, ఫికర్ చెయ్యకు.”

“సార్, జర ఆగుండ్రి.” రాయమల్లు ఆయన వైపు తిరగను కూడా లేదు. “నాకు చదువు రాదు. ఇన్నేండ్లు బజార్ల ఎవ్వలకు తెల్వనియ్యలే. ఇప్పుడు తెలిసిపాయె. ఇగ చదువుండ్రి మేడమ్.”

సుకన్య బ్యాగులోంచి కాగితం తీసింది. నాలుగు వాక్యాలు దాటేస్తే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. ఆయనకెలా తెలుస్తుంది? ఆ ఆలోచనకే సిగ్గుపడి, ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పసాగింది.

“మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం. ఆ రోజు అమ్మ డోర్నకల్ పోయింది. నానమ్మకు దగ్గు ఎక్కువైంది. నేను ట్యూషన్ నుంచి వచ్చేసరికి నాన్న ఆమెకు మందు తాగించేశాడు. అది మోకాళ్లకు రాసే మందు. సీసా మీద తాగకూడదని ఉంది.”

రాయమల్లు చెయ్యి కుర్చీ వీపును పట్టుకుంది.

“నానమ్మను దవాఖానకు తీసుకపోయినం. కళ్లు కనబడక తనే తాగిందని నాన్న డాక్టర్‌కు చెప్పాడు. నానమ్మ కాదనలేదు. రెండు రోజులకు కోలుకుంది. నానమ్మ చచ్చిపోతదని భయపడ్డాను. సీసా మీద రాసింది నేను చదివానని నాన్నకు తెలుస్తుందేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను.”

సుకన్య ఆగింది.

“ఇంకున్నదా?”

“ఉన్నది. ‘ఇప్పుడు ఇంట్లోకి ఏ మందు వచ్చినా, చదువుకుంటున్నట్టు దాని పేరు, వాడే తీరు పైకి చదువుతాను. నాన్న వింటాడు. మేమెప్పుడూ ఆ సంగతి మాట్లాడుకోలేదు.’”

రాయమల్లు మెల్లగా కూర్చున్నాడు.

“మందు సీసాలు గట్టిగ చదువుతాంటె పరీక్షలకేమో అనుకున్న,” అన్నాడు. తర్వాత కాగితం వైపు చూసి అడిగాడు. “నా బిడ్డ రాసింది తప్పా?”

“కాదన్నా. నలుగుర్ల నేను చదివిందే తప్పు.”

“అవ్. తప్పే.”

ఇంటికొచ్చి అనూషతో మాట్లాడతానంది సుకన్య. ఇప్పుడొద్దన్నాడాయన. కాగితం అడిగి తీసుకుని, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు అనూష బడికొచ్చింది. అడగకుండా ఒకరి రాతను చదవడం తన తప్పని సుకన్య క్లాసు ముందు నిలబడి చెప్పింది. అనూష తలెత్తలేదు. తర్వాత రెండు నెలలు గైడులో ఉన్నదే పొల్లుపోకుండా రాసిచ్చింది. సుకన్య వాటికే మార్కులు వేసింది.

డిసెంబరులో ఒకరోజు అనూష ఇచ్చిన కాగితం పైన ఇంగ్లీషులో రాసి, కింద గీత గీసి ఉంది: ‘ఇది మీరొక్కరే చదవాలి.’

సుకన్య స్టాఫ్ రూముకు వెళ్లి, తలుపు దగ్గరికేసి చదివింది. పొద్దున దుకాణం తెరవకముందు నాన్న తన దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాడట. మొన్న బస్టాండులో ఏటూరునాగారం బస్సు బోర్డును ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఎవరి సాయం లేకుండా చదివాడట. చదవడం అయ్యేసరికి బస్సు వెళ్లిపోయిందట. ఇద్దరూ అక్కడే నిలబడి నవ్వుకున్నారట.

రెండు స్పెల్లింగు తప్పులున్నాయి. సుకన్య ఎర్ర పెన్నుకు బదులు పెన్సిలుతో సన్నగా దిద్ది, ఆ కాగితాన్ని అనూష చేతికే తిరిగిచ్చింది.