అఫెక్షన్ లేకుండా

పొద్దుటి షిఫ్టులో ఆఖరి దుప్పటి మడత పెడుతూ వేదవతి మళ్ళీ గోడ గడియారం వంక చూసింది. న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లోని ఆ వృద్ధాశ్రమంలో బట్టలుతికే గది ఎప్పుడూ ఆవిరితో ఉడికిపోతూ ఉంటుంది. వేడి దుప్పట్లు లాగీ లాగీ ఆమె వేళ్ళ కొసలు నున్నబడిపోయాయి. మొన్న వీసా ఆఫీసులో వేలిముద్రలు తీసే యంత్రం మొరాయించింది. తను ఇక్కడ ఉన్నట్టే లెక్కలోకి రాదేమోనని అప్పట్నుంచీ ఒక బెంగ.

ఏప్రాన్ విప్పి, చీర మార్చుకుని, పైన కోటు తొడుక్కుంది. సంచిలో నిమ్మకాయ ఉందో లేదో తడిమి చూసుకుంది.

భర్త పోవడంతో ఆమె వీసాకి ఆధారం పోయింది. ఇక్కడే ఉండనివ్వమని పెట్టుకున్న అప్పీలు ఇంకా తేలలేదు. ఓడిపోతే, ఇక్కడే పెరిగిన కూతురు నవీనను వెంటబెట్టుకుని ఇండియాకి వెళ్ళిపోవాలి. ఆ పిల్లకి తెలుగు చదవడమైనా రాదు. ఇన్నాళ్ళూ ఆ కేసు చూసిన లాయరు కిరణ్మయి ఇవాళ హైకోర్టు జడ్జిగా ప్రమాణం చేస్తోంది.

"మీ లాయరే జడ్జి అయితే ఇంకేం ఆంటీ, మీ పని అయిపోయినట్టే!" అన్నారు తెలిసినవాళ్ళంతా. వేదవతీ నమ్మింది. మనవాళ్ళు కుర్చీ ఎక్కాక మన పని జరగకుండా ఉంటుందా? పాపం, ఆమె ఎరిగిన లోకం అలాంటిది మరి.

కోర్టు గుమ్మంలో సెక్యూరిటీ అతను నిమ్మకాయను ట్రేలో పెట్టించాడు. అమ్మవారి పటం ముందు ఉంచి తెచ్చిన కాయ. దాని మీది కుంకుమ అతని చేతి తొడుగుకి అంటింది.

"వాట్స్ దిస్?"

వేదవతి ఒక అడుగు ముందుకు వేసింది. "లెమన్... ఫర్ రెస్పెక్ట్," అంది. అతను నవ్వి పంపేశాడు.

గ్యాలరీలో చివరి బెంచీ అంచున కూర్చుంది. అందరూ లేస్తే లేచింది, తలలు వంచితే వంచింది. ఎవరైనా తన పేరు పిలుస్తారేమో, ఇటునుంచి ఇటే విమానం ఎక్కిస్తారేమోనని ఒకటే దడ. నల్లగౌనులో కిరణ్మయి లేచి ప్రమాణం చదివింది. ఆ ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. చివర్లో మాత్రం, "వితౌట్ ఫియర్ ఆర్ ఫేవర్, అఫెక్షన్ ఆర్ ఇల్ విల్," అని స్పష్టంగా వినబడింది.

అఫెక్షన్! ఆ మాట తెలియకేం? "మీరంటే నాకు అదో అఫెక్షన్ అక్కా," అంటూ ఆఫీసులో తను తెచ్చిన గోంగూర పచ్చడి వేలితో నాకింది ఈ పిల్లే కదా. ఇప్పుడు అది లేకుండా ఉంటానని ఇంతమంది ముందు ఒట్టు పెడుతోందేమిటి? వేదవతి సంచిలోని నిమ్మకాయను గట్టిగా పట్టుకుంది.

తర్వాత టీలు ఇస్తున్న గదిలో కిరణ్మయే ఎదురొచ్చింది.

"అక్కా, వచ్చారా!"

వేదవతి రెండు చేతులా నిమ్మకాయ అందించింది. ముందుకు వచ్చిన కిరణ్మయి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"తీసుకోకూడదక్కా. మీ అప్పీలు నడుస్తోంది కదా."

"నిమ్మకాయేగా తల్లీ."

"నిమ్మకాయైనా సరే." కిరణ్మయి గొంతు తగ్గించింది. "ఫైలు మా ఆఫీసులో మధుబాబుకి ఇచ్చాను, బాగా చూస్తాడు. ఇంక కేసు సంగతి నన్ను అడక్కండి. ఫోన్ కూడా చెయ్యొద్దు, మీకే నష్టం."

"మరి నవీన?"

కిరణ్మయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో పిలిస్తే, జడ్జీలు వెళ్ళే తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

మీ పని అయిపోయినట్టే! అదే మాట ఇప్పుడు వేదవతికి ఇంకోలా వినబడింది.

మధ్యాహ్నం షిఫ్టుకి వేళవుతోంది. కాయ పట్టుకుని బయటికి వెళ్తే గుమ్మంలో మళ్ళీ ఏం అడుగుతారో ఏమో! దాన్ని బల్ల మీద పెట్టేసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. టీలు పోసే అతను ఆ కాయను తీసి నిమ్మచెక్కల పళ్ళెంలో వేశాడు. కోసిన చెక్కల మధ్య కోయని ఆ ఒక్క కాయ, చెదిరిన కుంకుమతో అలాగే ఉండిపోయింది.