కడిగి ఇచ్చిన డబ్బాలు

"కడిగితే పోనిదంటూ ఉంటుందా?" మా అత్తగారు ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. "పదిహేడేళ్లుగా కడుగుతున్నావు. ఇప్పుడు పుస్తకంలో ఏదో రాశారని మానేస్తే పెరట్లో డబ్బాలన్నీ ఎవరు చూస్తారమ్మా?"

నేను మామగారి విస్తట్లో పప్పు వడ్డించాను.

చేలకు కొట్టగా ఖాళీ అయిన పురుగుమందు డబ్బాల్ని చింతపండు, ఊక బూడిద వేసి తోమి, మూడు రోజులు ఎండలో బోర్లించడం ఈ ఇంట్లో నా పని. నూర్పిళ్లయ్యాక కూలీలకు గింజలతో పాటు ఇంటికో డబ్బా ఇస్తారు. వాళ్లు మంచినీళ్లు పట్టుకుంటారు. మండపేట చుట్టుపక్కల మా మామగారిది పెద్ద చెయ్యి అని పేరు. నా వేళ్ల మీద చర్మం పొరలుగా లేచిపోయేది. వాసన పోతే విషమూ పోయిందనే నేనూ అనుకునేదాన్ని. పుర్రె బొమ్మ ఉన్న కాగితాన్ని నానబెట్టి గీకేసింది కూడా నేనే, ఇచ్చేటప్పుడు చూడ్డానికి బాగుండదని.

నలభై దాటాక పర్యావరణ శాస్త్రంలో డిప్లొమాకి కట్టాను. ఆదివారాలు రాజమండ్రిలో క్లాసులు. "కోడికూర మీ ప్రొఫెసరు వచ్చి వండుతాడా?" అని నవ్వేవారు మావారు. తెల్లవారకముందే వండిపెట్టి బస్సెక్కేదాన్ని. మొన్నటి పాఠం ప్రమాదకర పదార్థాల నిబంధనల గురించి. ఖాళీ డబ్బాల్ని మళ్లీ ఎవరూ వాడకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలట. లెక్చరరు చదివేసి పేజీ తిప్పాడు. నేను తిప్పలేకపోయాను.

"అమ్మగారూ," పెరటి గుమ్మంలోంచి పాపాయి పిలిచింది. మా చేలో కూలికి వస్తుంది. "మధ్యాన్నం రానండి. మనవరాలు రాత్రి నుంచి ఒకటే కక్కుతుందండి. చొంగ ఆగట్లేదు."

"ఏం తాగింది?"

"ఏముందండీ, మీరిచ్చిన డబ్బాలో నీళ్లే. తియ్యగుంటాయని అయ్యే అడుగుద్దండి."

"ఆ నీళ్లు పారబొయ్యి. పిల్లని తీసుకుని రోడ్డు మీదకి రా, ఇప్పుడే వస్తున్నాను."

పాపాయి పరుగెత్తింది. పక్క విస్తట్లో తింటున్న మావారు గొంతు తగ్గించారు. "దుర్గా, పిల్లలన్నాక కక్కుతారు. ఓ వంద ఇచ్చి పంపు. డబ్బా సంగతి ఎత్తావంటే ఊళ్లో తలెత్తుకోలేం."

"ఊరంతా వాడేవే," అన్నారు మామగారు. "ఎవడు పోయాడు?"

పోయిన వేసవిలో మా పాలేరు బుల్లియ్య కొడుకు పోయాడు. అందరం వడదెబ్బ అనుకున్నాం. వాళ్లింట్లోనూ మా డబ్బానే ఉంది. ఆ మాట ఆ క్షణం వరకూ నాకూ తట్టలేదు.

గరిటె పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాను.

"ఆస్పత్రిలో ఆ పురుగుమందు పేరు చెప్పాలి, నేను వెళ్తున్నాను," అన్నాను అందరికీ వినపడేలా. "డబ్బా ఎవరిదని అడిగితే మనదని చెప్తాను. వచ్చేటప్పుడు బుల్లియ్య ఇంటి దగ్గర దిగుతాను."