కాస్త పట్టుకో

"స్టెల్లా, ఇది కాస్త పట్టుకో."

పెళ్లయిన దగ్గర్నుంచి మొగుడు తోమాసు నోట స్టెల్లా ఎక్కువగా విన్న మాట ఇదే. పెళ్లిళ్లలో లైటు పట్టుకో, బస్సులో కెమెరా బ్యాగు పట్టుకో, చర్చి మెట్ల మీద గొడుగు పట్టుకో. తెనాలిలో స్టూడియో ఆయన పేరు మీదే ఉంది. అందులో కూర్చుని ఎడిటింగంతా చేసేది మాత్రం ఈవిడ. "మా ఆవిడ ఇంట్లో ఏమీ తోచక వస్తుందండి" అంటాడు వచ్చినవాళ్లతో. అత్తగారైతే, "కుర్చీలో కూర్చుని చేసేదీ ఒక పనేనా తల్లీ?" అని దీర్ఘం తీస్తుంది. పని కాకపోతే ఈ మెడనొప్పి ఎక్కడిదో మరి!

ఆ రోజు రేపల్లె నుంచి రూబీ అనే టీచరమ్మ వచ్చింది. వాళ్లమ్మ మాణిక్యాంబ పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో అమ్మను తెర మీద చూపించాలట. ఉన్నది ఒకే ఒక్క చిన్న క్లిప్పు. బాపట్ల దగ్గర సముద్రంలో ఇంటిల్లిపాదీ గంతులేస్తుంటే, మాణిక్యాంబ ఒడ్డున అందరి చెప్పులూ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనుంచి మగగొంతు, "ఏమే, ఇవి కూడా కాస్త పట్టుకో" అంది. అంతే, క్లిప్పు అయిపోయింది.

స్టెల్లా క్లిప్పును వెనక్కి తిప్పి ఆ మాట మళ్లీ విన్నది.

"ఏఐతో పొడిగించి ఇస్తాంలేమ్మా" అన్నాడు తోమాసు. స్టెల్లా వైపు తిరిగి, "నవ్వుతూ చెయ్యి ఊపినట్టు చేసెయ్, చాలు" అని చెప్పి టీ తాగడానికి వెళ్లాడు.

"అమ్మగారు ఎప్పుడైనా నీళ్లలోకి దిగారా అండీ?" అని అడిగింది స్టెల్లా.

"ఎక్కడక్కా! మీరెళ్లండే, నేను చూస్తుంటాను అనేది. చూడ్డంతోనే సరిపోయింది." రూబీ కళ్లు తుడుచుకుంది. "ఒక్కసారి అమ్మను నీళ్లలోకి దించగలరా అక్కా? నిజం కాదని తెలుసు. అయినా చూడాలనుంది."

స్టెల్లా క్లిప్పులోని చివరి ఫ్రేము తీసి ఏఐకిచ్చి, తర్వాత ఏం జరగాలో రాసింది: ఆమె సముద్రంలోకి నడుస్తుంది. నడిచింది, చెప్పులతో సహా! మళ్లీ రాసింది. ఈసారి చెప్పులు ఇంకో రెండు జతలు పెరిగాయి. ఇంకోసారి చేస్తే మాణిక్యాంబ నడుములోతు నీళ్లలో చెప్పుల్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని నిలబడింది. "వదిలెయ్యమ్మా తల్లీ, ఎవరివి వాళ్లు చూసుకుంటారు!" అని స్టెల్లా తెరనే కసిరింది.

అప్పుడు తట్టింది. చివరి ఫ్రేములో చేతిలో ఏముంటే, తర్వాతి క్లిప్పూ దాన్నే మోస్తుంది. దాని తప్పేముంది? తన బతుకూ అంతేగా. పడుకునేటప్పుడు చేతిలో ఉన్న పని, తెల్లారి లేచేసరికి చేతిలోనే ఉంటుంది. ఎవరో వచ్చి దించుతారని ఎన్నాళ్లు ఎదురుచూసింది! ఎవరూ రారు. ముందు దించుకోవాలి, నడక ఆ తర్వాత.

అందుకే ముందు మాణిక్యాంబ వంగి చెప్పులు ఇసుకలో పెట్టే ముక్క చేసింది. చేతులు ఖాళీ అయిన చోట ఆపి, ఆ ఫ్రేము నుంచి నడిపించింది. అల వచ్చి పాదాలు తడిపింది. మాణిక్యాంబ కుచ్చిళ్లు కాస్త ఎత్తుకుని పకపకా నవ్వింది. స్టెల్లా కూడా నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది.

తోమాసు చూసి మొహం చిట్లించాడు. "చెప్పులు అలా పారేస్తే వాళ్ల నాన్నగారు ఏమనుకుంటారు? మార్చెయ్."

"మార్చనండి" అంది స్టెల్లా. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని తనకే తెలియదు.

రేపల్లెలో కూడిక రోజు వీడియో వెయ్యడానికి తోమాసూ స్టెల్లా వెళ్లారు. పొడిగించిన భాగం ఏఐతో చేయించానని రూబీ ముందే అందరికీ చెప్పింది. తెర మీద మాణిక్యాంబ చెప్పులు కింద పెట్టగానే ఆడవాళ్ల వరసలోంచి ఎవరో "అదీ, అలా ఉండాలి!" అన్నారు. అల తాకేసరికి చప్పట్లు మోగాయి. రూబీ వాళ్ల నాన్న కండువాతో కళ్లు ఒత్తుకుని, "ఆ చెప్పులు ఇచ్చింది నేనేనమ్మా" అన్నాడు.

"ఇంత చక్కగా ఎవరు చేశారండీ?" అని పాస్టరుగారు మైకులో అడిగారు.

"మేమేనండి, మా స్టూడియో" అంటూ తోమాసు గబగబా లేచాడు. లేస్తూనే కెమెరా బ్యాగు స్టెల్లా ఒళ్లోకి చాపాడు. "ఇది కాస్త పట్టుకో."

అలవాటుగా లేచిన చేతుల్ని స్టెల్లా వెనక్కి తీసుకుంది.

"కింద పెట్టండి" అంది. ఉత్త చేతులతో మైకు దగ్గరికి నడిచి, "చేసింది నేనండి. నా పేరు స్టెల్లా" అంది.