పైడమ్మ నీళ్లు చూసే సీసా

నేను ఒక గాజు సీసాను. ఉత్తరాదిన ఏదో బట్టీలో పుట్టి, గడ్డి చుట్టుకుని లారీలో వచ్చి, విజయనగరం వైపు గుమ్మడిపాలెంలో ఒక టీకొట్టు బల్లమీద ఆరేళ్లు బిస్కట్లు మోశాను. ఒకరోజు నా మూత పగిలింది. మూతలేని సీసాలో బిస్కట్లు మెత్తబడతాయి కాబట్టి కొట్టతను నన్ను పైడమ్మకు ఇచ్చేశాడు.

పైడమ్మ ఊరి నీళ్ల ట్యాంకుకు మోటారు వేసే మనిషి. భర్త పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. ఊరి పక్కన పారే వాగును గెడ్డ అంటారు; దాని ఒడ్డున, ఆ నీరే ఊరే ఊటబావిలోంచి నీళ్లు ట్యాంకుకు ఎక్కించాలి, అంతే ఉద్యోగం. ఆ నీళ్లను చూడమని ఎవరూ చెప్పలేదు. ఆమె చూసేది. రోజూ పొద్దున్నే నన్ను బావినీళ్లతో నింపి మోటారు గది గోడమీద పెట్టేది. అడుగున ఏం దిగింది, పైన తెట్టు కట్టిందా, వాసన ఎలా ఉంది అని గమనించేది. అంతటితో ఊరుకునేది కాదు. గెడ్డలో చేపపిల్లలు ఏ లోతున తిరుగుతున్నాయో, రాళ్లకింద పురుగులు ఉన్నాయో లేవో చూసి వచ్చేది. ఉప్పెక్కిన నీళ్లలో పప్పు తొందరగా ఉడకదు కాబట్టి, అంగన్‌వాడీ ఆయమ్మను పప్పు ఎంతసేపటికి ఉడికిందని అడిగేది. ఆమెకు వేరే పని లేదని ఊళ్లో అనుకునేవారు. మోటారు మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు.

ఒక కార్తీకమాసంలో నా అడుగున నల్లటి నలకలు దిగాయి. కుళ్లు వాసన. గెడ్డలో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నత్తలు నీళ్లు వదిలి రాళ్లెక్కాయి. పైడమ్మ మోటారు ఆపేసింది. మధ్యాహ్నానికి ఖాళీ బిందెలన్నీ ఆమె చుట్టూ చేరాయి, వాటి వెనకే నీటిసరఫరా ఇంజనీరు భానుమూర్తి కూడా ఒక కాగితంతో వచ్చాడు.

"నీళ్లు బాగున్నాయని రిపోర్టు వచ్చిందమ్మా. ఎవరు ఆపమన్నారు?"

"ఆ నీరు ఏనాడు అట్టుకెల్లినారు బాబూ?"

ఆయన తేదీ చూశాడు. "పోయిన నెల పదకొండున."

"అయితే కాగితం అబద్దం ఆడనేదు. ఆ నీరు తాగీసినాం, అది ఎలిపోనాది. ఇది ఇయ్యాల్టిది. సూడండి."

నన్ను ఆయన చేతిలో పెట్టింది. భానుమూర్తి వాసన చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరూ గెడ్డ వెంట ఎగువకు నడిచారు. ప్రతి మలుపులోనూ ఆమె నన్ను ముంచి చూసింది. మొదట వాసన పెరుగుతూ పోయింది. మూడో మలుపు దాటాక నీళ్లు తేటగా ఉన్నాయి. వెనక్కి వచ్చి ఆ మలుపులో వెతికితే, బండరాళ్ల కింద తొక్కిపెట్టిన గోగుకట్టలు కనిపించాయి. నార తీయడానికి గోగును నీళ్లలో ఊరబెడతారు. ఎప్పుడూ ఊరికి దిగువనే ఆ పని. ఆ ఏడు వానల్లేక దిగువ మడుగు ఎండింది. ఎవరో బావికి ఎగువన ఊరబెట్టేశారు.

"ఎవరివి ఇవి?" అన్నాడు ఇంజనీరు.

కట్టలకు వేసిన ముడులు చూడగానే పైడమ్మకు తెలిసిపోయింది. కాసేపు నన్ను పైటకొంగుతో తుడిచింది. నేను అప్పటికే శుభ్రంగా ఉన్నాను.

"మా తమ్ముడివి," అంది.

కబురందుకుని తమ్ముడు సూరప్పడు వచ్చాడు. "ఇంజనీరుబాబు ముందర నా పేరు సెప్పాల్నా అప్పా?"

"నీ పిల్లా ఆ నీరే తాగతాది కదరా."

అలా అని ఒడ్డున నిలబడలేదు. తానూ నడుంలోతు నీళ్లలో దిగి అతనితోపాటు కట్టలన్నీ బయటికి లాగింది. తొమ్మిదిరోజులు ఊరు ట్యాంకరు నీళ్లు తాగింది. పదోరోజు చేపలు లోతుకు దిగాయి, కొత్త పరీక్ష కూడా నీళ్లు బాగున్నాయంది. మోటారు తిరిగింది. సూరప్పడు మాత్రం అక్కతో మాట మానేశాడు.

వేసవిలో అతను పెరట్లో బోరు వేయించాడు. మర్నాడు పొద్దున్నే బిందెతో మోటారు గది దగ్గరికి వచ్చి, గుమ్మానికి చెబుతున్నట్టు అన్నాడు:

"ఈ నీరు పిల్లకి పట్టొచ్చా?"

పైడమ్మ కొంత పరీక్షకు పంపడానికి వేరే సీసాలో పోసింది. "కంటికి ఆననివి ఆల్లు సెప్తారు," అంది. మిగిలింది నాలో పోసి గోడమీద పెట్టింది. "ఇది సూడ్డానికి పొద్దోతాది."

"కూకుంటాను," అన్నాడు.

నాకు అటు ఆమె, ఇటు అతను. ఒక క్యారేజీలోనే ఇద్దరూ తిన్నారు. పిల్లకు దవడపళ్లు వస్తున్నాయని చెప్పాడు. నీళ్లు మధ్యాహ్నానికే తేరుకున్నాయి. ఆ సంగతి ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

"ఇంకా సూడాల," అంది పైడమ్మ.

సూరప్పడు లేవలేదు.