కొలిచే ఊరు

1998 నవంబరులో ఒక మంగళవారం పొద్దున ధర్మవరంలో ఆరేళ్ల ప్రమోద నిలబడింది. మరునాడు బెంగళూరు నుంచి డాక్టరమ్మ జీపులో వచ్చి, పాపను నిలబెట్టడం మానేయమని తల్లికి చెప్పింది.

తల్లి పేరు గంగాదేవి. పుట్టింది పెనుకొండలో. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మేనమామ తిప్పేస్వామికి ఇచ్చి చేశారు. అక్క వెంకటక్కను పెనుకొండలోనే మేనత్త కొడుక్కు ఇచ్చారు. గంగాదేవి కూతురు ప్రమోదకూ, వెంకటక్క కొడుకు కేశవకూ ఒకటే జబ్బు. కాళ్లు ఒకదానిమీదొకటి పడి బిగుసుకుంటాయి.

రెండేళ్ల కిందట హిందూపురంలో ఒక పరిశోధన ఆఫీసు తెరిచారు. ఎదుగుదల లోపం ఉన్న పిల్లల తల్లులకు ఇంటికి పోయి నేర్పితే ఎంత మేలు జరుగుతుందో తేల్చడం వాళ్ల పని. పెనుకొండలో నేర్పుతారు. ధర్మవరంలో కొలుస్తారు, అంతే. చివర్లో రెండూళ్ల పిల్లలనూ పోల్చి చూస్తారు. ఆ పరిశోధన నడిపేది డాక్టరమ్మ. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె "మీ ఆయన మీకేమవుతాడు?" అని ఇంటింటా అడిగింది. మేనమామ అంటే ఒక గడిలో, మేనబావ అంటే ఇంకో గడిలో టిక్కు పెట్టుకుంది. పెనుకొండ ఆడపిల్లలే ధర్మవరం కోడళ్లన్న సంగతి ఆమెకు తట్టలేదు.

కొలవడానికి ఆరు నెలలకోసారి హిందూపురం నుంచి దేవసహాయం వచ్చేవాడు. ప్రమోదను చాప మీద కూర్చోబెట్టి చేతులు వదిలి గడియారం చూసేవాడు. పాప ఒరుగుతుంటే గంగాదేవి చేయి అడ్డం పెట్టబోయేది.

"పట్టుకోవద్దక్కా, పడనీ" అనేవాడు.

పాప పడేది. అతను రాసుకునేవాడు. ఆడుకోమని ఇచ్చిన రంగు చెక్కముక్కలు తిరిగి సంచిలో వేసుకుని, బిస్కెట్ ప్యాకెట్ ఒకటి చాప మీద పెట్టి పోయేవాడు. మొదట్లో గంగాదేవి ఆ బిస్కెట్లు పాపకు పెట్టేది. తర్వాత వీధి కుక్కకు వేసేది.

ఆ ఏడు శ్రావణంలో గంగాదేవి పుట్టింటికి పోయినప్పుడు కేశవ ఒక చెక్కపెట్టెలో నిలబడి ఉన్నాడు. నడుముకు బెల్టు, మోకాళ్ల మధ్య దిండు, ముందర చెక్కపలక. పలక మీద బొరుగులు ఏరుకుని తింటున్నాడు.

"వారానికోసారి ఒకామె వచ్చి చూపిస్తాదిమే" అంది వెంకటక్క. "పెట్టె కూడా వాళ్లే ఇచ్చినారు. మీకియ్యలేదా?"

"మాకు బిస్కెట్లు ఇస్తారు."

గంగాదేవి నాలుగు రోజులుండి చూసి నేర్చుకుంది. పెట్టె లేదు. ధర్మవరం ఇంట్లో రెండో మగ్గం తీసేసి ఏడాదైంది. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్లు దించుకునే గుంత మాత్రం మిగిలింది. దాని మీద పలక వేసి ఉంది. ఆమె ఆ పలక తీయించింది. గట్టుకు పాత చీరలు చుట్టింది. ప్రమోదను గుంతలో దించి, మోకాళ్ల మధ్య దుప్పటి చుట్ట పెట్టింది. గట్టు పాప చంకల కిందికి వచ్చింది. మొదటి వారం పాప అరిచింది. ఆమె గట్టు మీద రంగుల దారం చుట్టిన కండెలు పెట్టింది. పక్క మగ్గం మీద నేస్తున్న తిప్పేస్వామి చేయి చాచి "ఎర్రది" అనేవాడు. దీపావళి నాటికి పాప ఎర్రది అందిస్తోంది.

ఆ మంగళవారం దేవసహాయం వచ్చేసరికి ప్రమోద గుంతలో నిలబడి ఉంది. చేతిలో పచ్చ కండె ఉంది.

"ఎవరు నేర్పిరక్కా?"

"మా అక్క."

"మీ అక్క యాడుంటాది?"

"పెనుకొండలో."

అతను గడియారం జేబులో పెట్టుకున్నాడు. "నా కొంప ముంచితివి కదక్కా" అని వీధి చివర ఎస్టీడీ బూతుకు పోయాడు.

మరునాడు వచ్చిన డాక్టరమ్మ గుంతలోకి వంగి చూసింది. పాప మోకాలు నొక్కింది. తర్వాత చేతిసంచిలోంచి సెంటు వాసన వచ్చే తడి కాగితం తీసి వేళ్లు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడిచింది.

"మీది ఏమీ చేయకుండా చూసే గ్రూపమ్మా. మీరిట్ల చేస్తే మా స్టడీ చెడిపోతుంది."

"నేర్పితే మేలని మీకు తెల్దా మేడం?"

"తెలుసు. రుజువు కావాలి. రుజువుంటే రేపు గవర్నమెంటు అన్ని ఊళ్లకూ ఇస్తుంది. మార్చిలో చివరి కొలత. అంతవరకు గుంత మూసేయండి. ఏప్రిల్ నుంచి మీకూ నేర్పుతాం."

"మూస్తే కాళ్లు మళ్లీ బిగుసుకోవా?"

"కొంచెం" అంది డాక్టరమ్మ. "మీ అక్క బయటివాళ్లకు చెప్పనని సంతకం పెట్టింది. చెప్పడం తప్పు."

"నేను మా అక్కకు బయటిదాన్నా?"

తిప్పేస్వామి మగ్గం ఆపాడు. "నాలుగు నెలలు నన్నూ మంచాన కట్టేసి పెట్టు మేడం. నా కాళ్లు ఏమైతాయో అదీ కొలుస్తువు."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. ఆమె చూపు మగ్గం మీది చీర మీద ఆగింది. అంచు పట్టి చూసింది.

"ఈ నీలం బాగుంది. షాపు రేటు కాకుండా మీ రేటుకు ఇస్తారా?"

గంగాదేవి మగ్గం దగ్గరికి వచ్చింది. తుడుచుకున్న ఆ వేళ్లను చీర అంచు మీద చూస్తూ "అమ్మేది కాదు" అంది.

గుంత మూయలేదు. డాక్టరమ్మ ప్రమోద పేరు కొట్టేసింది.

తర్వాతి సోమవారం జీపు పెనుకొండ పోయింది. కేశవ పెట్టెలో నిలబడి ఉన్నాడు. దేవసహాయం బెల్టు విప్పి, వాణ్ని ఎత్తి చాప మీద పడుకోబెట్టి, పెట్టె జీపులో వేసుకున్నాడు. వారం వారం వచ్చే ఆమె ఇక రాదని చెప్పి పోయాడు.

వెంకటక్క కొడుకును చంకనేసుకుని మరునాటి రైలుకు ధర్మవరం వచ్చింది. గడపలోనే నిలబడి అరిచింది. "నీకు చూపించిన పాపానికి నా బిడ్డ పెట్టె పీక్కపోయిరి! ఇప్పుడు వాణ్ని యాడ నిలబెట్టల్ల? నీ నెత్తినా?"

గంగాదేవి కేశవను తీసుకుని గుంతలో రెండో కొసన దించింది. ఇద్దరు పిల్లలూ ఎదురెదురుగా నిలబడ్డారు. ప్రమోద కండె ఒకటి వాడి వైపు నెట్టింది. వాడు దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

"తినేది కాదురా, పట్టు!" అన్నాడు తిప్పేస్వామి. వెంకటక్క ఏడుస్తూనే నవ్వింది.

ఆదివారం తిప్పేస్వామి గడ్డపార తీసుకుని పెనుకొండ పోయి, వెంకటక్క ఇంటి వసారాలో గుంత తవ్వాడు.

ఏప్రిల్ వచ్చింది. ధర్మవరంలో నేర్పడానికి ఎవరూ రాలేదు. మే నెలలో గంగాదేవి రైలెక్కి హిందూపురం ఆఫీసుకు పోయింది. టైపు కొడుతున్న ఆయన తల ఎత్తలేదు.

"ప్రాజెక్టు అయిపోయిందమ్మా. మేడం ఢిల్లీలో మీటింగుకు పోయినారు."

"పెనుకొండ పెట్టె ఉండాది కదా. అదన్నా ఇయ్యండి."

"అది ఆఫీసు సామాను. ఇయ్యరు."

ఆమె బయటికి వచ్చింది. పెట్టె వరండాలో గుమ్మం పక్కనే ఉంది. ముందరి పలక తీసేశారు. బెల్టు అట్లే ఉంది. పెట్టె లోపల ఆఫీసువాళ్లు విడిచిన చెప్పులున్నాయి.