రెండు నిమిషాల్లో ఏటి మొగ

కార్తీకమాసపు వానలకు ఇంకా నెలన్నర ఉందనగా, వాకాడు దాపున ఒక పంచాయతీలో ఏటి మొగను మూసేయాలని తీర్మానం పెట్టారు. అది 1962. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలోంచే జాలర్ల పాళెం పడవలు చేపల వేటకు పోతాయి. అందులోంచే ఉప్పునీళ్లు ఎగదన్ని మళ్లు చవుడు బారుతున్నాయని రైతుల మాట. అడ్డకట్ట పడితే గంగులయ్య పడవకు దారి లేదు. తొమ్మిదిమంది మెంబర్లలో పాళెం మనిషి అతనొక్కడే.

అతను చెప్పాల్సింది చాలా ఉంది. దొరికేది రెండు నిమిషాలు. మీటింగులు దీపాలు పెట్టేదాకా సాగుతున్నాయని ప్రెసిడెంటు పద్మనాభయ్య ఆ రూలు పెట్టాడు.

పాళెం కట్టుబాటు ఇంకొకటి. పదిమందిలో నోరు విప్పేవాడు ముందు ఒక్కొక్కరినీ వరస పెట్టి పలకరించాలి. ఒకరిని వదిలినా అవమానించినట్టే. పోయిన నెల గంగులయ్య అట్లాగే మొదలుపెట్టాడు. "పద్మనాభయ్య మామా, మోకాళ్ల నొప్పులు తగ్గినాయా? మాలకొండయ్యన్నా, ఎద్దు మేత ముట్టిందా?" ఆరో మెంబరు దగ్గరికి వచ్చేసరికి టైంపీసు గణగణమంది. కాగితాలు సిద్ధంగా లేక ఓటు ఈ నెలకు వాయిదా పడింది గనక బతికిపోయాడు.

ఈరోజు మోకాళ్లనూ ఎద్దునూ వదిలేసి వరసలు మాత్రమే పిలిచాడు. "ఇంక ఆ మొగ మూస్తే..." అన్నాడో లేదో, గంట మోగింది. ఉసూరుమంటూ కూలబడ్డాడు.

ఆడవాళ్ల తరఫు మెంబరు కామాక్షమ్మ లేచింది. రెండేళ్లలో ఆమె ఒక్కమాటా మాట్లాడి ఎరగదు.

"నాకు గూడా రెండు నిమిషాలుండాయా ప్రెసిడెంటు గారూ?"

"ఉన్నాయమ్మా."

"అయితే అడగతుండా. గంగులన్నా, మొగ మూస్తే ఏమవుద్ది?"

"అతని టైము అయిపోయిందమ్మా!"

"నా టైములో చెప్తాడు. అడగొద్దని రూలుండాదా?"

గుమస్తా పుస్తకం తిరగేశాడు. లేదు.

అడిగినదానికి బదులు చెప్పేవాడు పలకరింపులు చెయ్యనక్కర్లేదు, పాళెంలో అదీ కట్టుబాటే. గంగులయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"మా నాయన నాడు గాలివానకు ఇసక మేటేసి మొగ దానంతటదే మూసకపోయిందమ్మా. పదకొండు దినాలు ఏటికి దోవ లేదు. నీళ్లు వెనక్కి తిరిగి నాట్లన్నీ కుళ్లిపోయినాయి. మావోళ్లు పారలతో మొగ తవ్వినాకనే నీళ్లు తీసినాయి."

గంట మోగింది. మాలకొండయ్య చెయ్యెత్తాడు. తీర్మానాన్ని బలపరిచింది ఆయనే.

"నా టైము గూడా తీసుకోబ్బా. పల్లంలో నావి రెండెకరాలుండాయి. మరి ఉప్పు సంగతేంది?"

"ఉప్పునీళ్లు మొగలోంచి వచ్చినా ఏట్లోనే ఉంటాయన్నా. ఏటి దక్షిణం గట్టుకు గండి పడుండాది. సముద్రం పోటుకు ఆ నీళ్లు అందులోంచి పొలాల్లో పడతాయి. రోజూ పడవలోంచి చూస్తానే ఉండా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేందయ్యా?"

"మీ ఎద్దును అడిగేదానికే సరిపోయె గదన్నా!"

గదంతా గొల్లున నవ్వింది. ఇంకో ఇద్దరు తమ నిమిషాలిచ్చారు. పద్మనాభయ్య ముసిముసిగా నవ్వి, టైంపీసు బోర్లించాడు.

"నా వంతు కూడా నీకే. ఆ గండి ఎంత వెడల్పయ్యా?"

"ఈ గదికి రెండింతలు మామా."

మొగ మూయడానికి రెండు చేతులే లేచాయి. గండి పూడ్చడానికి ఏడు.

మర్నాడు పొద్దున్నే పద్మనాభయ్య పంచె ఎగ్గట్టి గంగులయ్య పడవెక్కాడు, గండి కొలిచేందుకు. మొగ దాటేలోపు ఇరవై ప్రశ్నలైనా అడిగుంటాడు. గంగులయ్య గెడ వేస్తూ, ఒక్కోదానికీ తీరిగ్గా బదులు చెప్పాడు.