కాంటా చెప్పని తరుగు

మోకాళ్ళ ఆపరేషన్‌కు ముందు పది కిలోలు తగ్గాలని డాక్టరు అన్నప్పుడు కల్పలత బెదిరిపోయింది. ఆమె భర్త ఓంప్రకాశ్ మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. కార్ఖానా అనే బస్తీలో తాతల నాటి బియ్యం, పప్పుల దుకాణం ఆయనది. బరువు సంగతి ఒకరు తనకు చెప్పాలా? లోపలికి వచ్చేది తగ్గిస్తే నిల్వ దానంతటదే తగ్గుతుంది.

డాక్టరు రాసిచ్చిన తిండిలో పప్పు, పెరుగు, పనీరు ఉన్నాయి. తగ్గడానికి ఇంత తినడమేమిటని ఆయనకు నవ్వొచ్చింది. కాళ్ళకు కసరత్తు నేర్పే ప్రిసిల్లా దగ్గరికి వెళ్ళమంటే, నొప్పి కాళ్ళతో కసరత్తేమిటని అదీ మానిపించాడు. పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రి మజ్జిగ. అది ఆయన ఖరారు చేసిన తిండి.

ఆదివారం పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, బస్తాలు తూచే కాంటా మీద భార్యను నిలబెట్టేవాడు.

"ఇంట్లకు చిన్న మిషిన్ కొనమంటె వినరు. బస్తా లెక్క నన్ను గిట్ల నిలబెడ్తరు," అనేది కల్పలత.

"ఆ మిషిన్లు అబద్ధం చెప్తయ్. గోడ ఇడిసిపెట్టు, తూకం తప్పొస్తది."

పక్క దుకాణం సోమయ్య తొంగిచూసి నవ్వేవాడు. "ఏందన్నా, వదినకు సుత తరుగు తీస్తున్నవా?"

మొదట్లో బరువు చకచకా తగ్గింది. ఓంప్రకాశ్ బేరానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. తర్వాత కాంటా కదలడం మానేసింది. ఆయన రొట్టెను సగం చేశాడు.

"కళ్ళు తిరుగుతున్నయండి."

"అలవాటైతది. ఇంక జెరంతే కద."

ఆమె కుర్చీలోంచి లేవడానికి చెయ్యి అందించమనడం మొదలుపెట్టింది. మోకాళ్ళ వల్లేననుకున్నాడు. ఒకనాడు స్నానాల గదిలో పీట మీద కూర్చున్న మనిషి ఇక లేవలేకపోయింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ ప్రిసిల్లా కల్పలతను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. కల్పలత రెండుసార్లు ప్రయత్నించి, సిగ్గుపడుతూ భర్త వైపు చూసింది.

"ఆంటీ తగ్గిన్రు అంకుల్. కానీ కొవ్వుతోటి కండ సుత పోయింది," అంది ప్రిసిల్లా. "తిండి మరీ తక్కువైతే ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటది. అందుకే మీ కాంటా ఆగింది. గీ కాళ్ళతోటి ఆపరేషన్ చేస్తే తర్వాత ఎట్ల నడుస్తరు?"

"మళ్ళ కండ వస్తదా అమ్మా?" అని అడిగాడు ఓంప్రకాశ్.

"తినాలె, కసరత్తు చేయాలె. ఈ వయసుల మెల్లగ వస్తది. పోయినంతా వస్తదని మాత్రం చెప్పలేను."

ఆపరేషన్ వాయిదా పడింది.

మర్నాడు దుకాణంలో హమాలీ ఒక కందుల బస్తా దించుతూ బరువు తగ్గిందన్నాడు. ఓంప్రకాశ్ అలవాటు కొద్దీ గోనెలోకి బోలు ఇనుపసూది గుచ్చి గింజలు అరచేతిలోకి రాల్చాడు. తేమ ఆరి తగ్గితే సరుకు మంచిదే. పురుగు తొలిచి తగ్గితే పైకి బస్తా బస్తాలాగే ఉంటుంది, లోపల పొట్టే మిగులుతుంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో లోపల చూడకుండా ఏ బస్తా తరుగునూ ఆయన ఒప్పుకోలేదు. ఇంటి మనిషి విషయంలో అంకె చూసి మురిసిపోయాడు. గింజలు చేతిలో అలాగే ఉండిపోయాయి.

ఆ పూట మధ్యాహ్నమే దుకాణం మూసి ఇంటికి వెళ్ళాడు. పెసరపప్పు చిక్కగా ఉడికించి, పనీరు ముక్కలు వేయించి, తనే కంచంలో వడ్డించాడు. కల్పలత ఆశ్చర్యంగా చూసి కూర్చుంది. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. ఎదురుగా కూర్చున్న భర్త ముఖం చూసింది.

"ఇంకో ముద్ద తినొచ్చా అండి?"

ఆయన పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు. "నన్ను అడగకు కల్పా," అన్నాడు.

ఆమె తల ఊపింది. అయినా చెయ్యి కంచంలోనే ఆపి, ఆయన అవునంటాడేమోనని చూస్తూ ఉంది.